తప్పులేని నోటుబుక్కు

కొడకండ్ల మండలంలో, పేరు చెబితే ఊరివాళ్లు నొచ్చుకుంటారు గనుక పేరు చెప్పని ఒక ఊళ్లో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో, ఆంగ్లభాషా సామ్రాజ్యానికి పదకొండేళ్లుగా భిక్షపతి సారే ఏకచ్ఛత్రాధిపతి. ఆ సామ్రాజ్య వైశాల్యం మూడు గదులు, ఒక వరండా. ప్రజలు నూటపదహారు మంది. ఆయుధాగారంలో ఒక సుద్దముక్కల పెట్టె, రెండు ఎర్రసిరా పెన్నులు. సరిహద్దుల్లో శత్రువులెవరూ లేరు, ఎందుకంటే ఆ సరిహద్దు దాటి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు.

చక్రవర్తులకు శాసనాలు ఉంటాయి గనుక భిక్షపతికీ ఒక సిద్ధాంతం ఉండేది. తెలుగు వాక్యంలో క్రియ ఇంటి ఇల్లాలి వంటిదని ఆయన చెప్పేవాడు. అందరికీ వడ్డించి, అందరూ చేతులు కడుక్కున్నాక చిట్టచివర విస్తరి ముందు కూర్చుంటుంది. ఇంగ్లీషు క్రియకు అంత ఓర్పు లేదు. కర్త పీట మీద కూర్చున్న మరుక్షణం వచ్చి పక్కనే చతికిలబడుతుంది. ఇక 'ఎక్కడ' అన్న ముక్క, పాపం, గుమ్మం బయట చెప్పుల్లాగా వాక్యం చివర పడి ఉంటుంది. ఈ ముగ్గురూ కూర్చునే వరస తెలిస్తే ఇంగ్లీషు వచ్చినట్టే. షేక్‌హ్యాండు, టై, సూటూ తర్వాతి సంగతులు.

సిద్ధాంతానికి తగిన సామగ్రి కూడా సమకూర్చుకున్నాడు. బల్ల మీద మూడు డబ్బాలు. బిస్కెట్ల డబ్బాలో సర్వనామాలు: ఐ, వి, యు, హి, షి, ఇట్, దే. వంటగది నుంచి సంపాదించిన నూనె డబ్బాలో క్రియలు, అరవై దాకా. పాత టీపొడి డబ్బాలో స్థలాలు: ఇన్ ది కిచెన్, ఆన్ ది రోడ్, నియర్ ది వెల్, అండర్ ది టేబుల్, ఆన్ ది మూన్. పిల్లలు వరసగా వచ్చి ఒక్కో డబ్బాలోంచి ఒక్కో చీటీ తీసి, మూడూ కలిపి గట్టిగా చదవాలి. "దే స్లీప్ అండర్ ది టేబుల్!" అని ఒకడంటే, "హి కుక్స్ ఆన్ ది మూన్!" అని ఇంకొకతె అనేది. తరగతి గొల్లున నవ్వేది. చందమామ మీద వంట చేస్తున్న ఆ మహానుభావుడు ఎవరో ఎవరూ అడిగేవారు కాదు. వాక్యం సరైనదైతే చాలు.

శాసనాలు రెండే. మొదటిది, పేర్లు వాడకూడదు. దీనికి చరిత్ర ఉంది. సారు కొత్తగా వచ్చిన ఏడు ఒక పిల్లవాడు తన పొరుగింటి పిల్లవాడి పేరు పెట్టి, అతను బర్రెల తొట్లో నీళ్లు తాగుతాడని నిర్దోషమైన ఇంగ్లీషులో రాశాడు. ఆ వాక్యం తెలుగులోకి దిగి, వీధిలోకి నడిచి, రెండు కుటుంబాల మధ్య కట్టెలు లేపించింది. ప్రధానోపాధ్యాయిని కమలాదేవి మేడమ్ పంచాయితీ పెట్టాల్సి వచ్చింది. ఆనాటి నుంచి పేర్లకు దేశబహిష్కారం. సర్వనామాలు మాత్రం ఎవరి మీదా కేసు పెట్టవు. రెండో శాసనం, స్థలం లేకుండా వాక్యం ముగించకూడదు. "స్థలం లేని వాక్యం, ఇంటినంబరు లేని ఉత్తరం," అనేవాడు సారు, ప్రతిసారీ ఆ పోలిక అప్పుడే తట్టినట్టు.

మూడో శాసనం ఒకటుండేది గాని దాన్ని ఆయన ఎన్నడూ పైకి అనలేదు. వాక్యం నిజమా, అబద్ధమా అన్నది తన శాఖ కాదు. రోజుకు ఐదు వాక్యాల చొప్పున పై తరగతుల అరవై మంది రాస్తే మూడు వందలు. మధ్యాహ్న భోజనం గంటలో అవన్నీ చూడాలి. బస్సు కండక్టరు టికెట్టు చూస్తాడు గాని ప్రయాణికుడు ఎవరి చావుకు పోతున్నాడని అడగడు కదా. భిక్షపతి ఎర్రపెన్ను మూడు ముక్కలూ ఉన్నాయా అని చూసి, టిక్కు పెట్టి, పేజీ తిప్పేది.

ఎనిమిదో తరగతిలో మౌనిక అని ఒక అమ్మాయి ఉండేది. లంబాడీ పిల్ల. తండ్రి లేడు. తల్లి మోతీ ఊరి చివర రేకుల గదిలో ఉండి కూలికి పోయేది. మోతీ పుట్టింటి తండా మహబూబాబాద్ దగ్గర, ఊరివాళ్ల నోట మానుకోట దగ్గర. ఆ పిల్లకు ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకొకటి, బడిలో మూడోది. మూడోదాన్ని మిగతా రెంటికన్నా పొందికగా రాసేది. నవంబరులో ఒకనాడు బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, నేను చీటీలు తియ్యకుంట రాయొచ్చా?"

"చీటీలు లేకుండా ఎట్ల రాస్తవు?"

"నాకు మతికే వస్తయ్ సార్."

భిక్షపతి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. విత్తనం మొలకెత్తడం, మొలక చెట్టు కావడం అంటే ఇదే. తన పద్ధతి ఆధారాలు వదిలి తన కాళ్ల మీద నిలబడుతోంది. దానికి అక్కడికక్కడే 'స్వతంత్ర రచనా దశ' అని పేరు కూడా పెట్టాడు. ఆ పిల్ల కళ్లకింద నలుపు ఎందుకు వచ్చిందో, చందమామ మీది వంటవాణ్ణి చూసి అందరూ నవ్వుతున్నప్పుడు ఆమె ఒక్కతె ఎందుకు నవ్వడం లేదో అడగడం ఆ దశలో భాగం కాదు.

మౌనిక నోటుబుక్కులో రోజూ ఐదు వాక్యాలు. ఒక్క తప్పు లేదు. పైన తేదీ, కింద ఎర్రటిక్కులు, అప్పుడప్పుడు 'గుడ్'. ఒక్కసారి మాత్రం ఆ పిల్ల కాలు జారింది. "ఇట్ ఈజ్ రెడ్," అని రాసి ఆపేసింది. స్థలం లేదు. ఇంటినంబరు లేని ఉత్తరం. సారు ఎర్రసిరాతో పక్కనే 'వేర్?' అని ప్రశ్న వేశాడు. మర్నాడు సవరణ వచ్చింది: "ఇట్ ఈజ్ రెడ్ ఇన్ ది క్లాత్." తప్పు దిద్దుకోవడం అంటే ఇట్లా ఉండాలని ఆ వాక్యాన్ని తరగతికి చదివి వినిపించి, చప్పట్లు కొట్టించాడు. మౌనిక బల్ల వంక చూస్తూ నిలబడింది. ఆ చప్పట్ల కిందుగా, రోజుకు ఐదు వాక్యాల చొప్పున ఒక మనిషి ప్రాణం పోతున్న సంగతి ఆ గదిలో ఒక్క ఆ పిల్లకే తెలుసు.

జనవరి మూడో వారంలో మౌనిక బడికి రావడం మానేసింది. అందులో వింతేమీ లేదు. మిరప ఏరే కాలం వస్తే తండాల నుంచి, ఊళ్ల నుంచి కూలీలు గుంపులుగా లారీలెక్కి భూపాలపల్లి అవతలి తోటలకు పోతారు. పిల్లలూ పోతారు. హాజరు పట్టీలో వరసగా సున్నాలు పడతాయి. ఏప్రిల్లో మళ్లీ వస్తారు, కొందరు రారు. పోయేముందు రోజు మౌనిక నోటుబుక్కు తెచ్చి సారు చేతిలో పెట్టింది. జిల్లా మేళాలో పెట్టడానికి అది కావాలని సారే అడిగాడు.

ఫిబ్రవరి మొదట్లో జనగామలో బోధనోపకరణాల మేళా జరిగింది. టీచర్లు తయారుచేసిన అట్టపెట్టెలు, గాలిమరలు, థర్మాకోల్ గుండెకాయలు బల్లల మీద బారులు తీరాయి. భిక్షపతి బల్ల వెనక ఒక ఫ్లెక్సీ: 'సర్వనామ క్రియా స్థల త్రివేణీ సంగమ ఆంగ్లబోధనా పద్ధతి.'

"భిక్షపతి గారూ, పేరు జర చిన్నగ పెట్టరాదుండ్రి? ఫ్లెక్సీ సగం పేరుకే పోయింది. మన బడి పేరు ఎక్కడున్నదో నాకే కనిపిస్తలేదు," అంది కమలాదేవి మేడమ్.

"గంగను చిన్నగా రాస్తే కాలువ అంటారు మేడమ్."

"పెద్దగ రాసినా కనవడేది మూడు డబ్బాలే గదా!" అని నవ్వుతూ ఆమె పక్క బల్ల వైపు నడిచింది.

డబ్బాల ముందు, అట్ట దన్నుతో నిలబెట్టి ఉంది మౌనిక నోటుబుక్కు. రెండువందల పదిహేను వాక్యాలు. వచ్చిన అధికారి ఒకరు నాలుగు పేజీలు తిప్పి, "హ్యాండ్‌రైటింగ్ చాలా బాగుంది," అని ముందుకు సాగారు. ఇంకొకరు టిక్కులు చూసి మెచ్చుకున్నారు. ఒక్కరూ వాక్యం చదవలేదు. ఈ విషయంలో భిక్షపతికి జిల్లా మొత్తం తోడుంది.

మధ్యాహ్నం మార్తమ్మ వచ్చింది. బడిలో పిల్లలకు వండిపెట్టేది ఆమే, మోతీకి పొరుగిల్లూ ఆమెదే. మేళాకు వచ్చిన వాళ్లకు వడ్డించడానికి మేడమ్ వెంట తీసుకొచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ బల్ల ముందు నిలబడింది.

"సారూ, పొద్దటి సంది మా మౌనిక బుక్కును దేవుని పటం తీరు నిలవెట్టిన్రు. ఏం రాసిందో జర తెలుగుల చెప్పున్రి. ఇనబుద్ధి అయితున్నది."

"ఇది ఇంగ్లీషు మార్తమ్మా. దీని అందం వాక్య నిర్మాణంలో ఉంది."

"నిర్మాణం మీరే ఉంచుకోన్రి. ముచ్చట నాకు చెప్పున్రి."

భిక్షపతి పుస్తకం చేతికి తీసుకుని, గొంతు సవరించుకుని, పురాణం విప్పే పంతులులా మొదట్లో ఒకచోట తెరిచాడు. నవంబరు పన్నెండు. "షి సిట్స్ నియర్ ది స్టవ్. అంటే, ఆమె పొయ్యి దగ్గర కూర్చుంటుంది."

"ఎవలు?"

"ఆమె."

"ఆమె అంటె ఎవలు సారూ?"

"ఎవరూ కాదు. సర్వనామం."

"గా సర్వనామానికి ఇల్లు వాకిలి లేదా ఏంది, పొయ్యికాడ కూసున్నది?"

పక్క బల్ల సైన్సు మాస్టారు ఫక్కున నవ్వాడు. భిక్షపతి కూడా నవ్వి, కిందికి దిగాడు. "ఆమె పొయ్యి దగ్గర దగ్గుతుంది. ఆమె రోడ్డు మీద దగ్గుతుంది. వాళ్లు చేనులో పని చేస్తారు. ఆమె గట్టు మీద కూర్చుంటుంది." పేజీ తిప్పాడు. "ఆమె తలుపు దగ్గర పడుకుంటుంది. నేను గోడ దగ్గర పడుకుంటాను. ఆమె నా పళ్లెంలో తినదు. ఆమె గుడ్డలో ఉమ్ముతుంది."

ఆ తర్వాతి వాక్యం ముందు ఆయన గొంతు ఆగింది. దాని పక్కనే తన చేతిరాత ఉంది. ఎర్రసిరాలో, వంపులు తిరిగిన అందమైన ప్రశ్న.

"ఆగిన్రేంది సారూ?"

"అది ఎర్రగా ఉంటుంది."

"ఏది ఎర్రగున్నది?"

"గుడ్డలో," అన్నాడు భిక్షపతి. ఆ మాట తనకే వినిపించనంత మెల్లగా అన్నాడు. ఈ పుస్తకాన్ని ఆయన మూడు నెలలుగా చూస్తున్నాడు. తెలుగులో వినడం ఇదే మొదటిసారి.

మార్తమ్మ నవ్వు ముఖం మీదే ఆరిపోయింది. "సారూ, గిది మోతీ ముచ్చట."

"పిల్లలు ఊహించి రాస్తారు మార్తమ్మా. చందమామ మీద…"

"ఊహ గాదు. దీపావళి కాడి సంది మోతీ నా పక్కన కూసోని తింటలేదు. మూతికి కొంగు అడ్డం వెట్టుకొని దూరం కూసుంటుండె. ఏందే అంటె పంటి నొప్పన్నది. నేను లవంగాలిచ్చిన సారూ. లవంగాలు!" ఆమె బల్ల అంచు పట్టుకుంది. "టీబీ అని తెలిస్తె గుంపుల ఎవలన్న ఎక్కించుకుంటరా? ఎవలకు చెప్పొద్దని పోరితోని ఒట్టు వెట్టించుకునుంటది. అది ఎవలకు చెప్పలే. నాగ్గూడ చెప్పలే. మీకు చెప్పింది."

"నాకు చెప్పలేదు. రాసింది."

"రాసుడంటె చెప్పుడు గాదా సారూ?"

ఇంగ్లీషు తల్లికి రాని భాష, ఊళ్లో ఒకే ఒక్క మనిషికి వచ్చిన భాష. ఒట్టు చెడకుండా నోరు విప్పడానికి ఆ పిల్ల ఎంచుకున్న ఒక్క సందు అది. ఆ సందులో ఆయన రోజూ నిలబడి టిక్కెట్లు చూశాడు. టీబీ మందులు ఊరి ఉపకేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఉపకేంద్రానికీ బడికీ మధ్య ఉన్నది ఒక ప్రహరీగోడ.

మార్తమ్మ చెయ్యి చాచి చివరి పేజీ తిప్పింది. "గిది గూడ చెప్పున్రి."

జనవరి పద్దెనిమిది. ఐదు వాక్యాలు. "మేము మానుకోటకు వెళ్తాము. మేము భూపాలపల్లికి వెళ్తాము. ఆమె లారీలో కూర్చుంటుంది. నేను ఆమె పక్కన కూర్చుంటాను." భిక్షపతి చివరి వాక్యం ముందు కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "మీరు బడిలో ఉంటారు."

కింద ఎర్రసిరాతో 'వెరీ గుడ్' అని ఉంది. అది మాత్రం ఆయన తెలుగులోకి మార్చలేదు.

మార్తమ్మ దగ్గరున్న నంబరుకు చేస్తే మోతీ ఫోను స్విచ్చాఫ్. "ఫోన్ల దొరికె ముచ్చటనా గిది? పోన్రి సారూ, పోన్రి. డబ్బాలు నేను సదురుత," అంది మార్తమ్మ. పదకొండేళ్ల సర్వీసులో మొదటిసారి భిక్షపతి ప్రధానోపాధ్యాయినికి చెప్పకుండా మేళా వదిలి, జనగామ బస్టాండుకు పరుగెత్తాడు.

మహబూబాబాద్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని తండా చేరేసరికి పొద్దు గుంకుతోంది. మోతీ అన్న భద్రు వాకిట్లో బర్రెకు గడ్డి వేస్తున్నాడు. చెల్లెలి జబ్బు మాట వినగానే గడ్డిమోపు అట్లాగే జారవిడిచాడు.

"నాకు చెప్పలే సార్. ఈడ రెండు రోజులున్నది. మూతి కట్టుకున్నది. ఏందే అంటె దుమ్మన్నది." "మీకు ఎట్ల ఎర్కైంది?"

"మౌనిక రాసింది. నేను చూసిన."

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. పదకొండేళ్లు సరైన వాక్యాలు తయారుచేసిన మనిషి ఆయన. ఎప్పుడు రాసింది, ఎప్పుడు చూశాడు అని భద్రు అడగలేదు. సార్లను అట్లా అడగడం ఆ తండాలో అలవాటు లేదు.

మర్నాడు తెల్లవారగానే ఇద్దరూ బయల్దేరారు. మహబూబాబాద్ నుంచి హనుమకొండ, అక్కడ బస్సు మారి పరకాల మీదుగా భూపాలపల్లి. దారిలో భద్రు సారును ఇవ్వనివ్వకుండా టీ డబ్బులు తనే ఇచ్చేశాడు. చిల్లర జేబులో వేసుకుంటూ, "మాసొంటోళ్ల కోసం ఇంత దూరం వచ్చే సార్లు ఎవలుంటరు సార్? మా తండాల ఈ ముచ్చట చెప్పుకుంటరు," అన్నాడు. భిక్షపతి మిగిలిన టీ కింద పారబోశాడు. చెల్పూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కిటికీలోకి వచ్చినప్పుడు అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాడు. చెప్పాల్సిన వాక్యం సిద్ధంగానే ఉంది. కర్త ఉంది, క్రియ ఉంది. పొగగొట్టాలు వెనక్కి పోయాయి. నోరు మూసుకున్నాడు.

మోతీ భద్రుకు చెప్పి పోయిన తోట పోశాలు అనే రైతుది. ఎర్రగా పరిచిన మిరప కల్లం చుట్టూ ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు, మగవాళ్లు కూర్చుని రంగు పోయిన తాలుకాయ ఏరుతున్నారు. గాలి ఘాటుకు దిగగానే భిక్షపతికి దగ్గు తెర వచ్చింది. భద్రు కూడా దగ్గాడు. ఏరేవాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు దగ్గుతూనే ఉన్నారు.

"మొన్న పొద్దుగాల గీ కల్లం మీదనే పడ్డది," అన్నాడు పోశాలు. "నేనే ట్రాక్టరు మీద పెద్ద దవాఖానకు తోలిన. ముందుగాల నాకేం తెలుసు సార్? ఈడ అందరు దగ్గుతరు. అందుల ఆమె దగ్గు ఏదని పట్టుకోవాలె?"

మోతీ ఈ పనికి ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది భిక్షపతికి. దగ్గితే ఎందుకని ఎవరూ అడగని చోటు ఇదొక్కటే.

భూపాలపల్లి దవాఖానలో వార్డు చివరి మంచం మీద మోతీ ఉంది. మనిషి ఎంత మిగిలిందంటే, దుప్పటి ఎత్తు చూస్తే కింద ఎవరూ లేరేమో అనిపించేంత. పక్కన నేల మీద కూర్చుని ఉన్న మౌనిక సారును చూసి దిగ్గున లేచి నిలబడింది.

"గుడ్ మార్నింగ్ సార్."

మధ్యాహ్నం రెండవుతోంది.

మోతీ కళ్లు తెరిచి, అన్నను చూసి, వెనక సారును గుర్తుపట్టింది. ముందు చేసిన పని కొంగు మూతికి అడ్డం పెట్టుకోవడం. ఆ తర్వాత, రెండేసి మాటలకు ఒకసారి ఊపిరి తీసుకుంటూ అంది: "సార్… పిల్లను బడి మాన్పిచ్చిన… తప్పైంది. పదిహేను రోజులే… అనుకున్న. పేరు కొట్టెయ్యకున్రి సార్."

"కొట్టెయ్యలేదు మోతీ. పేరున్నది."

"నోట్‌బుక్కు మేళల పెట్టిన్రా?"

"పెట్టినం."

ఆమె కళ్లతోనే నవ్వింది.

డాక్టరు వయసులో చిన్నవాడు, నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి. రెండు ఊపిరితిత్తులూ పోయాయని, చేయగలిగింది చేస్తున్నామని చెప్పి, మెల్లగా అన్నాడు: "ఒక మూడు నెలల ముందు తెచ్చి ఉంటే మందులతోనే తగ్గేది సార్. ఇప్పుడు టీబీతో ఎవరూ చావనక్కర్లేదు." మూడు నెలల ముందంటే నవంబరు. భిక్షపతి లెక్క వేయాల్సిన పని లేదు. తేదీలు పేజీల మీదే ఉన్నాయి, తన ఎర్రటిక్కుల పైన.

వరండాలో మౌనిక స్టీలు గ్లాసు కడుగుతుంటే ఆయన పక్కన వచ్చి నిలబడ్డాడు. ఆ పిల్లే అంది, గ్లాసు వంక చూస్తూ.

"యాడికి చెప్పిన సార్. మా సార్‌కు ఎర్కే, రోజు టిక్కులు పెడ్తుండు, దవాఖానకు తోల్కపోతడు అని చెప్పిన."

లంబాడీలో యాడి అంటే అమ్మ అని ఆయనకు తెలుసు. ఆ భాషలో ఆయనకు తెలిసింది ఆ ఒక్క మాటే.

"ఒట్టు తప్పినవని తిట్టలేదా?"

"తిట్టలే. నవ్వింది. సార్లకు మస్తు పనులుంటయ్ బిడ్డా అన్నది." గ్లాసు బోర్లించింది. "నేనైతే చూసిన సార్. బడి గంట కొట్టినంక గూడ చూసిన, మీరు పిలుస్తరేమో అని."

కోపంగా అన్నా బాగుండేది. ఆ పిల్ల జరిగింది జరిగినట్టు, ఒక్క తప్పు లేకుండా చెప్పింది.

మూడోరోజు తెల్లవారుజామున మోతీ చనిపోయింది. అప్పుడు భద్రు మందుల చీటీ పట్టుకుని కింద ఉన్నాడు. మౌనిక మంచం పక్కన ఉంది. భిక్షపతి వార్డు తలుపు దగ్గర ఉన్నాడు. పోశాలు ట్రాలీ ఆటో ఇప్పించాడు. శవాన్ని మహబూబాబాద్ తండాకు తీసుకొచ్చి, మధ్యాహ్నానికల్లా మట్టి చేశారు. మార్తమ్మ ఊరి నుంచి ఎట్లా చేరుకుందో గాని అందరికన్నా ముందే అక్కడ ఉంది. మౌనికను కావలించుకుని, గుండె బాదుకుంటూ, లవంగాల మాట చెప్పుకుంటూ ఏడ్చింది. తన తప్పు తాను పదిమంది ముందు గొంతెత్తి చెప్పుకోవడం ఆమెకు ఎంత సులువుగా వచ్చిందో చూసి, ఆంగ్లభాషా చక్రవర్తికి జీవితంలో మొదటిసారి ఒకరి చదువు మీద అసూయ కలిగింది.

జనం పలచబడ్డాక భిక్షపతి ఒక నిర్ణయానికి వచ్చాడు. భద్రుకు చెప్పాలి. నవంబరు నుంచి నాకు తెలిసి ఉండాల్సిందని, పుస్తకం నా చేతిలోనే ఉందని, నేను చదవలేదని. మూడు వాక్యాలు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వాటిని నాలుగైదు సార్లు లోపలే అనుకున్నాడు. ప్రతిసారీ మొదటి వాక్యం మధ్యలో ఏదో ఒక కారణం వచ్చి కూర్చునేది. అరవై మంది పిల్లలు. మధ్యాహ్న గంట. పేర్లు వాడకూడదన్న నియమం. ఒక్కో కారణమూ సబబుగానే ఉంది. అన్నీ కలిపి చూస్తే అసహ్యం వేసింది. అన్నీ తుడిచేసి, లేచాడు.

భద్రు ఇంటి అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. మౌనిక ఆయన మోకాలి దగ్గర చేరి, అప్పుడే మాట్లాడటం మొదలుపెట్టింది. లంబాడీలో. మొదట మెల్లగా, తర్వాత ఆగకుండా. మూడు నెలలు నోట్లో దాచుకున్నదంతా తన ఇంటి భాషలో, తన ఇంటి మనిషికి చెబుతోంది. ఆడవాళ్లు ఇద్దరు వచ్చి పక్కన కూర్చున్నారు. ఎవరూ మధ్యలో అడ్డు రాలేదు. ఒకచోట ఆ పిల్ల చేత్తో గాలిలో ఏదో రాసినట్టు చూపించింది. ఇంకోచోట తలుపు మూసినట్టు.

భిక్షపతి అక్కడే, నాలుగడుగుల దూరంలో నిలబడిపోయాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. యాడి అన్న మాట వినిపించింది, పదేపదే. దానితో పాటు ఇంకొకటి కూడా వినిపించింది. సార్. మళ్లీ కాసేపటికి, సార్. ఆ పిల్ల సారు మీద నేరం మోపుతోందో, సారును వెనకేసుకొస్తోందో, జరిగింది జరిగినట్టు వరసగా చెప్పుకుపోతోందో ఆయనకు తెలిసే దారి లేదు. తన పేరు పెట్టని కథలో తన ఊసు నడుస్తుంటే, అర్థం కాక చెవులు రిక్కించి నిలబడ్డాడు. మార్తమ్మ వైపు చూశాడు. ఆమెకూ ఆ భాష రాదు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటూ వింటోంది.

ఒకచోట మౌనిక ఆగింది. భద్రు తలెత్తి భిక్షపతిని చూశాడు. బస్సులో టీ డబ్బులు ఇచ్చిన మనిషి చూపు కాదు అది. కోపమూ కాదు. కొత్తగా ఊళ్లోకి వచ్చిన వాణ్ణి, ఎవరి తాలూకో పోల్చుకోవడానికి చూసినట్టు చూశాడు.

"భద్రూ, నేను నీకు ఒక మాట చెప్పాలె," అన్నాడు భిక్షపతి.

"చెప్పింది సార్. పోరి చెప్పింది."

"అది కాదు, నేను…"

"మూడున్నరకు బస్సున్నది సార్. ఇప్పుడు పోతె అందుతది."

"ఇంకో బస్సు లేదా?"

"ఉంటది." భద్రు లేచి, పై పంచె దులుపుకున్నాడు. అతని మాటలో మర్యాద ఎక్కడా తగ్గలేదు. "గని మీరు దీన్కే పోన్రి."

మౌనిక మళ్లీ చెప్పడం అందుకుంది. భిక్షపతి వాకిలి దాటి, రోడ్డు మీదికి వచ్చేదాకా ఆ పిల్ల గొంతు వినిపిస్తూనే ఉంది. ఆ తర్వాత బస్సు శబ్దంలో అది కూడా వినబడలేదు.